పీజీలో చేరాక మొదటి సెమిస్టర్: సాయం ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి

సీపీగెట్ (తెలంగాణ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష) సీట్ల లిస్టులు బయటికి రాగానే నా ఫోన్‌కు ఊపిరాడదు. "అన్నా, కేయూల సీటొచ్చింది, హాస్టల్ దొరుకుతదా?" "స్కాలర్‌షిప్‌కు మళ్లీ కొత్తగ పెట్టాల్నా అన్నా?" "క్లాసంత ఇంగ్లిష్‌లనే చెప్తున్నరు, నాది తెలుగు మీడియం, మానేద్దామనిపిస్తున్నది." ప్రతి ఏడూ ఇవే ప్రశ్నలు. అడిగేవాళ్లు మారతారు, అంతే. అందుకే ఈసారి వరుసగా రాసి పెడుతున్నాను.

హన్మకొండ విద్యారణ్యపురిలోని కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్‌ను, సుబేదారి ఆర్ట్స్ కాలేజీని, చుట్టుపక్కల అనుబంధ పీజీ కాలేజీలను మనసులో పెట్టుకుని రాసింది ఇది. కరీంనగర్ శాతవాహనలోనో, డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీలోనో చేరినవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

మొదట ఒక మాట. డిగ్రీలో సార్లు వెంటపడి ఫారాలు నింపించి ఉంటారు. పీజీలో ఎవరూ వెంటపడరు. సాయం లేదని కాదు, ఉంది. అయితే అది అడిగినవాళ్లకే అందుతుంది. అందులోనూ కాగితం మీద రాసి, ముద్ర వేయించుకున్నవాళ్లకు ముందు అందుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్, టీసీ, వేరే యూనివర్సిటీ నుంచి వస్తే మైగ్రేషన్ సర్టిఫికెట్. మీసేవ నుంచి కులం, ఆదాయం సర్టిఫికెట్లు. ఆదాయం సర్టిఫికెట్ తాజాది కావాలి, నిరుడు డిగ్రీకి వాడింది కాదు. ఆధార్, మీ సొంత పేరు మీద ఉన్న బ్యాంకు పాస్‌బుక్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఒక డజను, అన్నింటి జిరాక్స్ కనీసం అయిదు సెట్లు. ఒక గట్టి ఫైలు, ఒక చిన్న నోట్‌బుక్. ఆ నోట్‌బుక్ ఎందుకో ఆరో మెట్టు దగ్గర తెలుస్తుంది.

1. ఒరిజినల్స్ ఇచ్చే ముందు

అడ్మిషన్ రోజున సర్టిఫికెట్లు తీసుకుంటారు. టీసీ వాళ్ల దగ్గర ఉండిపోవడం మామూలే. మిగతా ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలని, ఉంచుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే చెప్పింది. అయినా కొన్నిచోట్ల "ఉండనియ్యి, తర్వాత తీసుకుందువు" అంటారు. అప్పుడు గొడవ పడకండి. ఏమేం ఇచ్చారో తెల్లకాగితం మీద రాసి, దాని మీద సంతకం, తేదీ అడగండి. సంతకం పెట్టాల్సి వచ్చేసరికి సగంమంది ఒరిజినల్స్ తిరిగిచ్చేస్తారు.

ఇచ్చే ముందు ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫొటో తీసి ఫోన్‌లో, మెయిల్‌లో దాచండి. టీసీ పోతే మళ్లీ తెచ్చుకోవడం ఎంత తిప్పలో పోగొట్టుకున్నవాళ్లను అడగండి.

2. పేర్లు కలుస్తున్నాయా చూడండి

స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఆగిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. పదో తరగతి మెమోలో బానోతు, ఆధార్‌లో బానోత్. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పుట్టిన తేదీ మెమోలో ఒకటి, ఆధార్‌లో జనవరి 1. మన ఊళ్లలో ఎంతమంది జనవరి 1న పుట్టారో లెక్కలేదు!

చేయాల్సింది: మెమో, ఆధార్, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి ఇంగ్లిష్ స్పెల్లింగ్ అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్పించుకోండి. మెమో మార్చడం బోర్డుతో పని, నెలలు పడుతుంది. ఆధార్ మార్పుకు పదో తరగతి మెమో ఆధారంగా చూపితే చాలు.

సరిచూసుకోవడం: మార్పు అయిందని మెసేజ్ వచ్చాక ఆధార్ కొత్తగా డౌన్‌లోడ్ చేసి చూడండి. పాత కార్డు జిరాక్స్‌లను చించేయండి, లేకపోతే అలవాటుగా అవే జతచేస్తారు.

3. ఈపాస్‌లో దరఖాస్తు

ఈపాస్ అంటే రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్. డిగ్రీలో స్కాలర్‌షిప్ వచ్చింది కాబట్టి దానంతట అదే కొనసాగుతుందనుకోవద్దు. పీజీ కొత్త కోర్సు. మొదటి ఏడాది 'ఫ్రెష్' కింద పెట్టాలి, రెండో ఏడాది 'రెన్యువల్'. గడువు పొడిగిస్తూ ఉంటారు నిజమే, ఆ పొడిగింపుల మీద భరోసా పెట్టుకోవద్దు.

ముందుగా అర్హత. బీసీ, ఈబీసీలకు కుటుంబ ఆదాయం పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. స్పాట్ అడ్మిషన్లో (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లలో), మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇప్పటికే ఒక పీజీ చేసి ఇంకో పీజీలో చేరినా అంతే. దూరవిద్యకూ లేదు. స్పాట్‌లో చేరేముందు ఈ మాట ఇంట్లో చెప్పండి, ఫీజు మొత్తం మీదే పడుతుంది.

దరఖాస్తు వరుస ఇలా ఉంటుంది: ఆన్‌లైన్‌లో వివరాలు నింపడం, ప్రింటు తీయడం, మీసేవలో వేలిముద్ర వేయడం, కాగితాలన్నీ జతచేసి కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వడం. చాలామంది రెండో దానితో అయిపోయిందనుకుని ఆగిపోతారు. వేలిముద్ర పడకపోతే దరఖాస్తు కదలదు. పత్తి ఏరి, నాట్లు వేసి వచ్చిన చేతులకు ముద్రలు సరిగా పడకపోవడం నేను చాలాసార్లు చూశాను. చేతులు కడుక్కుని ఆరబెట్టి వేరే వేలితో ప్రయత్నించండి, అప్పటికీ కాకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకుని రండి.

హాస్టల్ కాలమ్‌తో జాగ్రత్త. కాలేజీ హాస్టల్లో ఉన్నవాళ్లకూ డే స్కాలర్లకూ మెయింటెనెన్స్ (ఖర్చులకు ఇచ్చే డబ్బు) మొత్తం వేరువేరు. హాస్టల్ సీటు ఇంకా రాలేదని డే స్కాలర్‌గా పెట్టేసి, తర్వాత సీటొచ్చి, ఏడాదంతా తక్కువ డబ్బుతో నెట్టుకొచ్చినవాళ్లున్నారు. సీటు మారిన రోజే స్కాలర్‌షిప్ సెక్షన్‌లో చెప్పండి. దరఖాస్తును కాలేజీ పైకి పంపకముందైతే సరిదిద్దడం తేలిక.

బ్యాంకు సంగతి నా అనుభవంతో చెబుతాను. మాది భూపాలపల్లి వైపు ఒక పల్లె. ఎప్పుడో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించి ఆధార్ లింకు చేశారు, ఆ సంగతే మరిచిపోయాను. ఫారంలో హన్మకొండ ఖాతా నంబరు రాశాను. డబ్బు వెళ్లి ఊళ్లోని పాత ఖాతాలో పడింది. వాడుకలో లేక అది మూలన పడి ఉంది. దాన్ని తెరిపించి తీసుకునేసరికి మెస్ బాకీ పెరిగిపోయింది. తప్పు నాదే. ఆధార్‌కు చివరిగా ముడిపడ్డ ఖాతాలోకే డబ్బు వెళుతుంది, ఫారంలో రాసిన ఖాతాలోకి కాదు.

సరిచూసుకోవడం: ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ కనిపిస్తుంది. ఏ బ్యాంకు పేరుందో చూడండి. తేడా ఉంటే మీరు వాడే బ్యాంకుకు వెళ్లి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌కు ముడిపడ్డ ఖాతా) మార్చమని ఫారం ఇవ్వండి. దరఖాస్తు ఎక్కడి దాకా వచ్చిందో ఈపాస్‌లోనే పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీతో తెలుసుకోవచ్చు. నెలకోసారి చూడండి, 'కాలేజీ దగ్గర పెండింగ్' అని కనబడితే మరునాడే వెళ్లండి.

ఇంకొకటి. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్‌కు గండమే. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం దగ్గర ఆగిపోవడం ఇక్కడ కొత్త కాదు, కాబట్టి ఆ డబ్బు సమయానికి వస్తుందని నమ్మి అప్పు చేయకండి.

ఈపాస్ రానివాళ్లు, డిగ్రీలో మంచి మార్కులున్నవాళ్లు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ కూడా చూడండి. యూజీసీ పీజీ స్కాలర్‌షిప్ ఒకటుంది, నెలకు 15,000 చొప్పున ఏడాదిలో 10 నెలలు ఇస్తారు. రెగ్యులర్ పీజీ మొదటి ఏడాదిలోనే పెట్టుకోవాలి. మన దగ్గర దీని పేరు తెలిసినవాళ్లే తక్కువ.

4. హాస్టల్, లేదా గది

హాస్టల్ సీట్ల కేటాయింపు అడ్మిషన్ల వెంటనే కాదు, కొన్ని వారాలు పట్టొచ్చు. ఆలోగా సీనియర్ గదిలో నాన్‌బోర్డర్‌గా, అంటే సొంత సీటు లేకుండా, ఉండటం ఇక్కడ మామూలైపోయింది. ఉండొద్దంటే ఎవరూ వినరు, నేనూ అలాగే ఉన్నాను. కానీ సెమిస్టరంతా అలా ఉండకండి. తనిఖీ జరిగితే మీతో పాటు సీటిచ్చిన అన్న కూడా ఇబ్బందుల్లో పడతాడు.

ప్రత్యామ్నాయాలు రెండు. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు హన్మకొండలో ఉన్నాయి, యూనివర్సిటీ హాస్టల్‌కు పెట్టిన రోజే వాటికీ పెట్టండి. రెండోది నయీంనగర్, భీమారం, గోపాల్‌పూర్, కిషన్‌పుర వైపు గదులు. గది తీసుకునే ముందు మూడు అడగండి: కరెంటు బిల్లుకు విడి మీటరుందా, ఎండాకాలం నీళ్లొస్తాయా, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు ఎన్నాళ్లలో ఇస్తారు. మూడోదానికి జవాబు కాగితం మీద తీసుకోండి.

రోజూ ఊరి నుంచి వచ్చి పోదామనుకునే అమ్మాయిలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి టికెట్ డబ్బు లేదు, ఆధార్ చూపితే చాలు. అబ్బాయిలు బోనఫైడ్ పెట్టి విద్యార్థి బస్‌పాస్ తీసుకోవచ్చు. అయితే రోజుకు మూడు గంటలు బస్సులో గడిపితే లైబ్రరీకి మిగిలేది ఏమీ ఉండదు. ఆ లెక్క కూడా వేసుకోండి.

5. మెస్ బిల్లు

డివైడింగ్ పద్ధతి ఉన్న మెస్‌లో నెల ఖర్చంతా తిన్నవాళ్ల మీద పంచుతారు. మీరు ఊరికి పోయి చెప్పకపోతే, తిననివాటికీ మీ వాటా కట్టాలి. బతుకమ్మకో మేడారం జాతరకో పోయేముందు మెస్ కట్ (ఆ రోజులు తిననని) రాయండి, ఎన్ని రోజుల ముందు రాయాలో మెస్ మేనేజర్‌ను అడగండి. నెలాఖరున బిల్లు బోర్డు ఫొటో తీసుకోండి. బాకీ పేరుకుంటే నోడ్యూస్ (బాకీ లేదనే కాగితం) దగ్గర హాల్‌టికెట్ ఆగుతుంది, అప్పుడు ఎవర్ని బతిమాలినా లాభం ఉండదు.

6. అడగాల్సింది కాగితం మీద అడగండి

ఈ వ్యాసమంతా చదవకపోయినా ఈ మెట్టు ఒక్కటి చదవండి.

ఒక ఆఫీసులో (పేరెందుకు లెండి) నేనిచ్చిన దరఖాస్తు కనబడకుండా పోయింది. "ఇచ్చినవా? ఎప్పుడిచ్చినవ్?" అన్నారు. నా దగ్గర రుజువేమీ లేదు. మళ్లీ మొదటి నుంచి. ఆ రోజు నుంచి ఏ కాగితమైనా రెండు కాపీలు పట్టుకెళ్లడం నేర్చుకున్నాను.

పద్ధతి ఇది. ఒక కాగితానికి ఒకే విషయం. హాస్టల్ నీళ్లు, హాజరు, ఫీజు అన్నీ ఒకే దాంట్లో రాస్తే మూడు సెక్షన్ల మధ్య తిరిగి తిరిగి చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. పెద్ద భాష అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు. నమూనా:

గౌరవనీయులైన హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారికి,
విషయం: అనారోగ్యం వల్ల తగ్గిన హాజరు గురించి.
నేను మొదటి సంవత్సరం విద్యార్థిని, హాల్‌టికెట్ నంబరు ఇది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జ్వరంతో ఎంజీఎంలో చేరి ఉన్నాను. డిశ్చార్జి కాగితం జతచేశాను. ఆ రోజులను నిబంధనల ప్రకారం పరిగణించగలరని మనవి.
జత: డిశ్చార్జి కాగితం. కింద మీ సంతకం, తేదీ, ఫోన్ నంబరు.

ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డ్ ముద్ర (కాగితం అందిందని వేసేది), నంబరు, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి ఇష్టపడకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు మీ రుజువు. నోట్‌బుక్‌లో ఒక వరుస రాయండి: ఏ రోజు, ఏ సెక్షన్, ఏ పని, ఇన్‌వార్డ్ నంబరు ఎంత, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు "సార్, నా పని ఏమైంది?" అనకుండా "సార్, ఈ తేదీన ఇచ్చాను, నంబరు ఇది" అనండి. అవతలివాళ్ల గొంతులో తేడా మీకే తెలుస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు నేరుగా వీసీ ఆఫీసుకో, విద్యార్థి సంఘం నాయకుడి దగ్గరికో పరుగెత్తడం. సంఘాల వల్ల కొన్ని పనులు అవుతాయి, కాదనను. కానీ ముందు విభాగాధిపతి, తర్వాత ప్రిన్సిపాల్, హాస్టల్ విషయమైతే వార్డెన్, ఆ తర్వాతే పైకి. వరుస తప్పితే "కింద ఇచ్చినవా?" అనే ప్రశ్నతో వెనక్కి వస్తారు.

7. క్లాసులో ఇంగ్లిష్ భయపెడితే

మానేద్దామనుకున్న ఆ తమ్ముడు ఒక్కడే కాదు. ములుగు, మహబూబాబాద్, ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లలో తెలుగు మీడియంవాళ్లు ఎందరో. మొదటి నెల అందరూ అర్థమైనట్టే తలూపుతారు. మీరు ఒక్కరే వెనకబడ్డారనిపించేది అందుకే.

మొదటి వారంలోనే హెచ్‌ఓడీని అడగాల్సిన ప్రశ్న: ఈ కోర్సు పరీక్ష తెలుగులో రాయొచ్చా? ఆర్ట్స్, సోషల్ సైన్స్ విద్యార్థులు తప్పకుండా అడగాలి. రాయొచ్చంటే మీ భారం సగం తగ్గినట్టే, మూడో నెలలో తెలిస్తే అప్పటిదాకా ఇంగ్లిష్‌లో రాసుకున్న నోట్సు తిరగరాయాల్సి వస్తుంది.

తర్వాత, ప్రతి పేపరుకూ మాటల జాబితా ఒకటి తయారుచేసుకోండి. సార్ నోట పదేపదే వచ్చే ఇంగ్లిష్ మాటలు ఒక వైపు, మీ మాటల్లో అర్థం రెండో వైపు. పేపరుకు ఓ వంద మాటలు పట్టుబడితే క్లాసు అర్థం కావడం మొదలవుతుంది. పాఠానికి ముందు రోజు రాత్రి అదే అంశాన్ని తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి వెళ్లండి. వెళ్లాక చదవడం కాదు, ముందే. తెలిసిన విషయం ఇంగ్లిష్‌లో వినడానికీ తెలియని విషయం వినడానికీ చాలా తేడా ఉంది.

పుస్తకాలకు క్యాంపస్ లైబ్రరీ ఎలాగూ ఉంది. హన్మకొండలోనే 1904లో మొదలైన శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది, తెలుగు, చరిత్ర విద్యార్థులు ఒక్కసారైనా మెట్లెక్కాలి. ఫోన్‌లోనైతే ఈపీజీ పాఠశాలలో పేపర్ల వారీగా పాఠాలు, శోధ్‌గంగలో పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితం. శోధ్‌గంగను ప్రాజెక్టు అంశం వెతుక్కోవడానికి వాడండి, కాపీ కొట్టడానికి కాదు. మీ గైడ్ ఆ గ్రంథాలు మీకంటే ముందే చదివి ఉంటారు.

సరిచూసుకోవడం: నాలుగు వారాల తర్వాత ఏదో ఒక పాఠాన్ని పుస్తకం మూసి అయిదు నిమిషాలు గదిలో పక్కవాడికి తెలుగులో చెప్పండి. చెప్పగలిగితే దారిలో ఉన్నారు. చెప్పలేకపోతే ఆ సార్ దగ్గరికి వెళ్లండి. "ఏం అర్థం కాలేదు సార్" అంటే ఆయనకూ ఏం చేయాలో తోచదు. "సార్, ఇక్కడిదాకా అర్థమైంది, ఈ మాట దగ్గర ఆగిపోయాను" అని నోట్సు చూపించండి.

8. మనసు బాగాలేనప్పుడు, ఎవరైనా వేధిస్తే

నిద్ర పట్టక, తిండి సహించక, క్లాసుకు పోబుద్ధి కాక రెండు వారాలు దాటితే దాన్ని "హోమ్‌సిక్" అని కొట్టిపారేయకండి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు చేయండి, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. గదిలో స్నేహితుడు అలా ఉంటే "ధైర్యంగా ఉండరా" అని వదిలేయకండి. నంబరు కలిపి ఫోన్ చేతికివ్వండి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే ఒంటరిగా ఉంచకుండా వార్డెన్‌ను లేపండి, అర్ధరాత్రైనా సరే.

ర్యాగింగ్‌కు 1800-180-5522. లైంగిక వేధింపులైతే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా, జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి. చేసింది తోటి విద్యార్థి అయినా, పాఠం చెప్పే సార్ అయినా, రీసెర్చ్ గైడ్ అయినా ఆ కమిటీ కిందికే వస్తారు. మెసేజ్‌లు చెరిపేయకండి, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి. "నీ కెరీర్ పాడైతది" అని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లకు సమాధానం చెప్పాల్సిన పని లేదు.

9. కింద పని కాకపోతే

నెల గడిచినా కదలిక లేకపోతే విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో ఇది ఉండాలి, మామూలుగా 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తీర్పు నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి) అప్పీలు చేసుకోవచ్చు. ఇన్‌వార్డ్ ముద్రలున్న కాపీలు అక్కడ పనికొస్తాయి.

కాగితం ఎక్కడ ఆగిందో మాత్రమే తెలియాలంటే సమాచార హక్కు దరఖాస్తు చాలు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "నా స్కాలర్‌షిప్ ఎందుకు రాలేదు" అని అడగకండి. "ఫలానా ఇన్‌వార్డ్ నంబరు దరఖాస్తు మీద ఏ తేదీన, ఎవరు, ఏ చర్య తీసుకున్నారో కాపీలు ఇవ్వండి" అని అడగండి. చాలాసార్లు జవాబు రాకముందే పని అయిపోతుంది.

10. సెమిస్టర్ పరీక్షకు నెల ముందు

ఒక సాయంత్రం ఫైలు ముందేసుకుని కూర్చోండి. ఈపాస్‌లో కాలేజీ నుంచి పైకి వెళ్లినట్టు చూపిస్తోందా? లేకపోతే మూడో మెట్టు. హాజరు శాతం ఎంతో హెచ్‌ఓడీ ఆఫీసులో అడిగారా? 75కు దగ్గర్లో ఉంటే ఇక ఒక్క క్లాసూ వదలకండి, జబ్బు చేసిన కాగితాలు ఇప్పుడే ఇవ్వండి, పరీక్ష ముందు రోజు కాదు. మెస్ బాకీ ఎంత? ఇంటర్నల్స్ మార్కులు బోర్డు మీద పెట్టినప్పుడు మీవి చూసుకున్నారా? ఫీజు నోటిఫికేషన్‌లో ఆలస్య రుసుము లేని ఆఖరు తేదీ నోట్‌బుక్‌లో రాసుకున్నారా? ఫలితాలు వచ్చాక రీవాల్యుయేషన్‌కు ఇచ్చే గడువు కొద్ది రోజులే, ఆ రోజుల్లో ఊళ్లో ఉండి నెట్ లేదని వదులుకున్నవాళ్లను చూశాను.

ఇవన్నీ సరిగ్గా ఉంటే రెండో ఏడాదికి ఇంకొక పేజీ తెరవండి. ఫైనలియర్‌లో ఉండగానే యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత, పరిశోధన ఫెలోషిప్ పరీక్ష) రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000. అప్పుడు నాకు ఫోన్ చేయండి, ఆ సంగతులు విడిగా చెప్తాను.